ఏటి దారి

ఇక్కడ ఒక వాక్యం రాయడానికి నాకు పట్టే సమయం కంటే, రాసినదాన్ని తిరిగి చదువుకోవడానికి మూడింతలు ఎక్కువ పడుతోంది. అయినా ఇప్పుడు నయం. జూలైలో చదవడం అన్నదే లేదు. చెయ్యి రాసేది, కన్ను చదివేది కాదు.

గండం గడిచిందని డాక్టరుగారు అన్నాక కూడా చేతుల వణుకు పోలేదు. ఆ వణుకు తగ్గుతుందేమోనని కొంత, మా ఇంట్లో జరిగినట్టు ఇంకో ఇంట్లో జరగకూడదని కొంత, ఇది రాస్తున్నాను. జబ్బు పడినవాళ్ళకే కాదు, జబ్బు మనిషి పక్కన కూర్చుని తమ భయాన్ని మింగుకునేవాళ్ళకి కూడా ఇది పనికి రావచ్చు.

మాది జంషెడ్‌పూర్‌లో గోల్‌మురి. మా ఆయన ఫ్యాక్టరీలో క్రేన్ నడిపి రిటైరయ్యారు. మాకు ఒక్కతే అమ్మాయి, స్వాతి. టెల్కో వైపు ఒక ఆఫీసులో కంప్యూటరు పని చేస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగింది. మేము తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. అర్థం కాక కాదు, అలవాటు. చదువంతా హిందీ, ఇంగ్లీషు. మా ఆయనకి వచ్చిన నాలుగు అక్షరాలూ హిందీవే.

నేను సాలూరు దగ్గర కొండ కింద పల్లెలో పుట్టాను. బడికి వెళ్ళలేదు, కట్టెలకి వెళ్ళాను. పెళ్ళయి ఈ ఊరు వచ్చాను. యాభై దాటాక, తెలుగు సంఘం హాల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నారని తెలిసి వెళ్ళాను. నేర్పింది రిటైరైన తెలుగు టీచరుగారు. మేము టీచరమ్మ అనేవాళ్ళం. పలక మీద రాకపోతే మా అరచేతిలో తన వేలితో రాసేవారు. "కన్ను మర్చిపోయినా చర్మం మర్చిపోదు" అనేవారు. ఆ మాట అప్పుడు నాకు వేళాకోళంలా అనిపించింది.

అలా మా ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను. నా నోటు పుస్తకంలో నాకు తోచినవి రాసుకునేదాన్ని. స్వాతి తొంగి చూసి, "మా, ఫిర్ జలేబీ?" అనేది. మళ్ళీ జిలేబీలు చుడుతున్నావా అని.

టీచరమ్మతో నాకు ఒకే ఒక పేచీ ఉండేది. మేము 'ఏమిటి' అనం, 'ఏటి' అంటాం. నేను రాసేదీ అదే. "నరసమ్మా, పుస్తకంలో ఏమిటి అని రాయాలి. ఏటి అంటే ఏరుకి సంబంధించినది. ఏటి ఒడ్డు, ఏటి నీరు" అని ఆవిడ ఎర్ర పెన్నుతో దిద్దేవారు. "మా ఇంట్లో ఏమిటి అన్నోళ్ళు నేరండీ. నా కాపీ పుస్తకంలో నా మాటే రాసుకుంతాను" అనేదాన్ని. ఆవిడ నవ్వి వదిలేశారు. ఇప్పుడు రాస్తున్న దీన్ని మాత్రం ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

జూలై

ఆ ఉదయం ఏకాదశి ఎప్పుడో చూద్దామని గోడ మీది తెలుగు క్యాలెండరు ముందు నిలబడ్డాను. క్యాలెండరు నిండా జిలేబీలు ఉన్నాయి. స్వాతి ఎన్నేళ్ళుగానో ఆటపట్టిస్తూ అన్న మాట నిజమైపోయింది. గుండ్రాలు, తోకలు, చుక్కలు. అవి అక్షరాలని తెలుస్తోంది. ఏ అక్షరమో తెలియడం లేదు. కళ్ళజోడు తుడిచాను. వంటింటి కిటికీ దగ్గరికి పోయి బియ్యం సంచీ మీది రాత చూశాను. అదీ అంతే. అది హిందీ అనుకుని ఊరుకున్నాను.

తిరిగి వస్తుంటే కుడి భుజం గుమ్మానికి గట్టిగా తగిలింది. గుమ్మం కనిపించలేదు. నా ప్రపంచంలో కుడి వైపు సగం ఎవరో మడిచి లోపల పెట్టేసినట్టు ఉంది.

ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన మొదటి తప్పు అది. చూపు మందగించిందంటే నోటు పుస్తకం మానేయమంటారని భయపడ్డాను. రెండు రోజులు పళ్ళెంలో కుడి వైపు అన్నం వదిలేస్తూ తిన్నాను. మా ఆయన, "సగం పళ్ళెం ఎవలికి అట్టేపెట్టినావు?" అని అడిగారు. ఆకలి లేదన్నాను.

మూడో రోజు పప్పు కడుగుతూ పడిపోయాను. నాకు గుర్తున్నది నోట్లో రక్తం రుచి, ముక్కు దగ్గర తోలు వాసన. మూర్ఛ వస్తే చెప్పు వాసన చూపించాలని మా ఆయన తన చెప్పు నా ముక్కుకి ఆనించి కూర్చున్నారు. స్వాతి అది లాగి విసిరేసి, నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టింది. చెప్పు మా ఆయన చేతిలోంచి పోయాక కూడా ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు క్రేను మీద కూర్చుని టన్నుల బరువుని వెంట్రుక వాసిలో దింపిన చెయ్యి అది.

ఆసుపత్రిలో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. పేరు పిలుస్తారని చెవి అటు వేసి కూర్చోవాలి, నీళ్ళకి వెళ్ళాలన్నా భయమే. నా కుడి పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. హఠాత్తుగా ఆ పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి నా ఒళ్ళో కాగితం పొట్లం పెట్టింది. మెడ పూర్తిగా తిప్పితే అప్పుడు కనిపించింది, పచ్చబొట్లున్న చేతులతో ఒక సంతాలీ ముసలామె. పొట్లంలో మరమరాలు. "ఖా లో, దేర్ హోగీ," అంది. తిను, ఆలస్యమవుతుంది అని. ఆవిడ ఎవరి కోసం వచ్చిందో నేను అడగలేదు. నా భయం అంతా నా కోసమే ఖర్చయిపోయింది.

మాన్‌గో వైపు, నది అవతల, స్కాన్ తీశారు. గొట్టంలోకి తోసి, కదలకూడదన్నారు. తల పక్కన ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. మర్నాడు ఆసుపత్రిలో డాక్టరుగారు ఫిలిం వెలుతురుకి పెట్టి చూపించారు. వెనక వైపు ఎడమ పక్కన ఉంగరంలా ఒక తెల్లటి మచ్చ. టీబీ గడ్డ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు అన్నారు. ఆ ఇంకేదైనా దగ్గర గొంతు తగ్గించారు. రెండు నెలలు మందు వాడి మళ్ళీ ఫిలిం తీద్దాం. చిన్నదైతే మంచిది. కాకపోతే తల తెరవాలి.

"చదువు వస్తుందాండీ?" అని హిందీలో అడిగాను. వేలిముద్ర వేసే మనిషిలా కనిపించాను కాబోలు, ఆయన ఆశ్చర్యపోయారు. "ఏం చదువుతారు మీరు?" అన్నారు. క్యాలెండరు అన్నాను.

ఆ ఫిలిం ఇంకో కాపీ కావాలని ఆసుపత్రిలో అడిగితే మళ్ళీ నది దాటి వెళ్ళి తెచ్చుకున్నాం. తిరిగి వస్తుంటే ఆటో వంతెన మీద ఇరుక్కుపోయింది. వానలకి సువర్ణరేఖ మట్టి రంగులో ఉబ్బి పారుతోంది. స్వాతి నా కుడి పక్కన కూర్చుంది కాబట్టి నాకు కనిపించడం లేదు. ఎడమ పక్కన నది మాత్రమే కనిపిస్తోంది. ఆటో కదిలేదాకా అదే చూశాను.

ఇంటికి రాగానే నోటు పుస్తకం తీశాను. చెయ్యి ఏ అడ్డూ లేకుండా రాసుకుపోయింది. నాకు ఏటయిందో తెలీదని రాశాను. ఏటి సెయ్యాలో తెలీదని రాశాను. చివర, 'ఇంక నాకు ఏటి దారి' అని రాశాను. రాశాక ఊపిరి పీల్చుకుని, చదువుకుందామని చూశాను. పేజీ నిండా జిలేబీలు. ఇప్పుడే, ఈ చేత్తోనే పెట్టిన అక్షరాలు నన్ను గుర్తుపట్టలేదు.

అంతకు ముందు నాకు చచ్చిపోతానేమోననే భయం ఉండేది. ఆ సాయంత్రం అంతకంటే చిన్నదీ, అంతకంటే చెడ్డదీ ఒకటి పట్టుకుంది. నేను మళ్ళీ అక్షరాలు రాని మనిషినై బతుకుతాను.

ఆగస్టు

ఆగస్టు మొదటి వారంలో ఇంట్లో ఏదో మారింది. స్వాతి ఆఫీసుకి సెలవు పెట్టింది. నేను లేస్తే లేచేది. మా ఆయన స్నానాల గది గొళ్ళెం ఊడదీశారు.

"అదెందుకు తీసేసినారు?"

"తుప్పట్టీసింది."

"మొన్న సంక్రాంతికే కదా కొత్తది ఏసినారు."

"కొత్తయే ఇప్పుడు తొందరగా తుప్పడతన్నాయి," అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

పక్కింటి మిశ్రా భాభీ శ్రావణ సోమవారాలు నది నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి శివుడికి పోస్తుంది. ఏటా నేనూ ఆమెతో వెళతాను. ఈసారి ఆమె గుమ్మంలోకి రాగానే స్వాతి నాకంటే ముందు, "నహీ ఆంటీ, మా నహీ జాయేగీ," అమ్మ రాదు అనేసింది. భాభీ మొహం చిన్నబోయింది. మూర్ఛ మనిషిని నీళ్ళ దగ్గరికి పంపకూడదు, నిజమే. కాని స్వాతి గొంతు అలాంటిది కాదు. పాముని చూసిన గొంతు.

ఒకసారి వంటింట్లో స్వాతీ, మా ఆయనా గుసగుసలాడుతున్నారు. నాకు వినిపించింది ఒక్క ముక్క. "అకేలీ మత్ ఛోడ్నా." ఒంటరిగా వదలొద్దు.

నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఫిలింలో ఉన్నది ఆ ఇంకేదైనానే. డాక్టరు వాళ్ళకి చెప్పాడు, నాకు చెప్పలేదు. మందుబిళ్ళలు ఊరికే మింగిస్తున్నారు. ఆ రోజు నుంచి నేను ఏమీ అడగడం మానేశాను. అడిగితే చెప్పేస్తారేమోనని.

మందులకి ఆకలి విపరీతంగా వేసేది, కాళ్ళు వణికేవి. ఒక మధ్యాహ్నం స్వాతి ల్యాప్‌టాప్ తెచ్చి నా మంచం మీద పెట్టుకుని ఆట మొదలుపెట్టింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. కాసేపటికి గాలి చప్పుడు, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు. ఆకుల మీద నడక నాకు ప్రాణం లేచి వచ్చే చప్పుడు. తిరిగి చూశాను.

"ఏటే అది?"

"గేమ్ హై, మా. జంగల్."

"దల్మా కొండా?" మా ఊరి దగ్గర అడవంటే అదే.

"నహీ మా, కోయీ ఠండీ జగహ్." ఎక్కడో చలి దేశమట.

ఆటలో ఒక ఆడమనిషి ఉంది. ఆమె అక్క ఆ అడవిలో ఒక గుడిసెలో ఒంటరిగా ఉంటూ పక్షుల లెక్క రాస్తుంది. కొన్నాళ్ళుగా ఆమె జాడ లేదు. చెల్లెలు వెతుక్కుంటూ వచ్చింది. కొట్టుకోవడాలు, కాల్చుకోవడాలు లేవు. నడవడం, వెతకడం, దొరికిన కాగితాలు చదవడం. అంతే. అయినా నాకు భయం వేసేది. తెరలో కుడి సగం నాకు లేదు. అడవిలో ఏది వచ్చినా ఆ వైపు నుంచే వస్తుంది. కొమ్మ విరిగిన చప్పుడు వినిపిస్తే స్వాతికి కనిపించేది, నాకు కనిపించేది కాదు. "ఏటొచ్చింది? ఏటొచ్చింది?" అని దాని మోచెయ్యి పట్టుకునేదాన్ని. "హిరన్ హై, మా. గర్దన్ ఘుమావో." లేడి, మెడ తిప్పు అని. ఆసుపత్రిలో కూడా అదే చెప్పారు. కుడి వైపు చూపు లేనివాళ్ళు మెడ తిప్పడం అలవాటు చేసుకోవాలి. నేను తిప్పేదాన్ని కాదు. తిప్పితే ఏముంటుందోనని.

దొరికిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. స్వాతి చదివి హిందీలో చెప్పేది. అక్కడ నాకొక చిత్రమైన ఊరట దొరికింది. ఇంగ్లీషు నాకు మొదటినుంచీ రాదు. ఆ తెర ముందు నాకు ఏ జబ్బూ లేదు. నా దగ్గర్నుంచి ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు.

పైగా అక్కడ అక్షరాలు కానివి చాలా ఉన్నాయి. మూడు దారులు చీలిన చోట స్వాతి గంట సేపు అటూ ఇటూ తిరిగింది.

"ఎడం పక్కది," అన్నాను.

"క్యోం?" ఎందుకని.

"ఆ మోడు సూడు. నరికిన కాడ ఇంకా తెల్లగుంది. ఈ మజ్జనే నరికినారు. కట్టెలకొచ్చిన మనిషి రోజూ నడిచే దారే అది."

స్వాతి అటు నడిపించింది. గుడిసె దొరికింది. తల తిప్పి నా మొహం చూసింది, మా క్లాసులో మొదటిసారి నేను పలక మీద నా పేరు రాసినప్పుడు టీచరమ్మ చూసినట్టు. "తుమ్‌కో కైసే పతా?" ఎలా తెలుసు నీకు?

"నీకు అ ఆ లు తెల్సినట్టే," అన్నాను. అక్షరాలు రాకముందు నేను చదివినవి అవే.

ఆ తరువాత ప్రతి మధ్యాహ్నం ఆడాం. ఆ రెండు గంటలూ నా భయం నా తలలోంచి ఆ అడవిలోకి మారేది. అక్క బతికి ఉందా లేదా అన్నది నాకు నా ఫిలిం కంటే ముఖ్యమైపోయింది. ఆమె దొరికితే నేనూ బతుకుతానని ఎక్కడో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

గుడిసె దాటాక దారి ఒక ఏరు వైపు దిగుతుంది. మొదటిసారి నీళ్ళ చప్పుడు వినిపించగానే స్వాతి ల్యాప్‌టాప్ మూసేసింది. "బస్, ఆజ్ ఇత్నా." ఇవాళ్టికి చాలు. మర్నాడు ఇంకో వైపు తిప్పింది. ఆ మర్నాడు మళ్ళీ ఆ వైపే దారి వచ్చింది. ఒడ్డున ఒక బూటు పడి ఉంది. స్వాతి టక్కున మూసేసింది.

"అక్క బూటే?"

"పతా నహీ." తెలియదట.

"నీళ్ళలో పడిపోయిందేటి?"

"మా, చుప్ రహో న," ఊరుకో అని లేచి వెళ్ళిపోయింది. వంటింట్లో కుళాయి చాలాసేపు తిప్పి ఉంచిన చప్పుడు వినిపించింది.

దానికి కథ చివర తెలుసనుకున్నాను. అక్క నీళ్ళలో పోయింది. అది చూస్తే నేను తట్టుకోలేనని ఆపుతోంది. అంటే నా సంగతి కూడా దానికి తెలుసు. ఆటలోనూ, ఫిలింలోనూ చివర ఒకటే. ఆట లేని మధ్యాహ్నాలు ఒక వారం గడిచాయి. ఆట మాట ఇద్దరమూ ఎత్తలేదు.

సెప్టెంబరు

రెండో స్కానుకి ఇంకా వారం ఉంది. బయట వాన. గ్యాసు బండ వచ్చిందని స్వాతి కిందికి వెళ్ళింది. మా ఆయన వెనక వరండాలో ఉన్నారు. ల్యాప్‌టాప్ మంచం మీదే తెరిచి ఉంది.

నెల రోజులుగా దాని వేళ్ళు చూస్తున్నాను. ఏ మీట నొక్కితే మనిషి ముందుకి నడుస్తుందో నాకు తెలుసు. నొక్కాను. చెల్లెలు నడిచింది. నీళ్ళ చప్పుడు దగ్గరైంది. ఏది ఉంటే అది, నా కళ్ళతో నేనే చూస్తాననుకున్నాను. బూటు దాటాను. నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. మోకాలి దాకా వచ్చాయి.

స్వాతి లోపలికి వచ్చి తెర చూసింది. నా చేతుల్లోంచి ల్యాప్‌టాప్ లాగేసుకుంది.

"ఎందుకే లాగేత్తన్నావు? నీళ్ళు కనబడితే చాలు మూసేత్తన్నావు."

"మా, ప్లీజ్."

"నాకు తెల్సు. నువ్వూ మీ నానా కలిసి దాత్తన్నారు. డాక్టరు ఏటన్నాడో సెప్పీ. నేనేం పడిపోను."

"డాక్టర్ నే కుఛ్ నహీ కహా!" అంది. డాక్టరు ఏమీ అనలేదట. "ఛుపా తో తుమ్ రహీ హో." దాస్తున్నది నువ్వే.

"నేనా? నేనేటి దాత్తాను?"

స్వాతి అలమరలో బట్టల కింది నుంచి నా నోటు పుస్తకం తీసింది. అది జూలై నుంచి కనిపించడం లేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. చదవలేనిదాన్ని వెతుక్కోలేదు. ఫోను తీసి ఆ పేజీ మీద పట్టుకుంది. కెమెరా పెడితే ఏ భాషనైనా హిందీ చేసి చెప్పేది ఒకటి ఉందట ఫోనులో. నేను ఆసుపత్రిలో ఏమైనా దాస్తున్నానేమో, ఎక్కడ నొప్పి ఉందో రాశానేమో తెలుసుకుందామని చూసిందట.

ఫోనులోంచి ఒక ఆడగొంతు ఏ బాధా లేకుండా చెప్పింది. "అబ్ మేరే లియే నదీ కా రాస్తా."

ఇంక నాకు నది దారి.

"నేను అలగ రాయనేదే," అన్నాను.

"లిఖా హై. తీన్ బార్ నదీ లిఖా హై." మూడు సార్లు నది అని రాశావు, అంది. ఏడుస్తోంది. ఆరు వారాలుగా ఆ మాట మోస్తూ నా పక్కన కూర్చుంది. నేను నదిలోకి వెళ్ళిపోతానని. గొళ్ళెం, సెలవు, భాభీ, ఆట, అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు వరస కట్టాయి. ఫిలిం గురించి వాళ్ళు నా దగ్గర ఏమీ దాచలేదు. వాళ్ళకి తెలిసినది నాకు తెలిసినంతే.

నేను చదవలేను. కాని ఆ పేజీలో ఏం రాశానో నోటికి వచ్చు. "ఇంక నాకు ఏటి దారి," అని పైకి అన్నాను. అంటుంటే ఎర్ర పెన్ను గుర్తొచ్చింది. ఏటి ఒడ్డు, ఏటి నీరు.

"ఒలే స్వాతీ," అన్నాను. "పెన్ను ఇలాగియ్యి." ఖాళీ పేజీలో ఒకే ఒక మాట రాశాను. ఏటి. "దీన్ని సూపించు ఆ ఫోనుకి."

"నదీ కా," అంది ఫోను.

"అది ఏటి అనే, తల్లీ. ఏటి. రోజుకి నూరుసార్లు అంతాను కదే."

స్వాతి ఫోను వైపు, నా వైపు చూసింది. పుట్టినప్పటి నుంచీ ఆ మాట చెవుల్లో పడుతూనే ఉంది. అది రాత మీద ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. "ఏటి... మత్‌లబ్ క్యా?" అంది మెల్లగా, ఏటి అంటే 'క్యా' అనా అన్నట్టు.

"క్యా. ఇంక నాకు ఏం దారి అని."

సరిగ్గా అప్పుడు మా ఆయన చప్పుడు విని వరండాలోంచి పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో నిలబడి, "ఏటి? ఏటయింది?" అన్నారు.

మేమిద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఆపుకోలేకపోయాం. నాకు మళ్ళీ మూర్ఛ వచ్చిందనుకుని ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నారు, చెప్పు కోసం. దాంతో ఇంకా నవ్వు వచ్చింది. విషయం చెప్పాక ఆయన మంచం చివర కూర్చుని, కండువాతో మొహం కప్పుకుని, చాలాసేపు తియ్యలేదు. ఆ సాయంత్రమే గొళ్ళెం మళ్ళీ బిగించారు. "తుప్పొదిలిపోయిందా?" అని అడిగితే, "ఏటంతావు?" అన్నారు. స్వాతి లోపలి నుంచి "నదీ కా" అని అరిచింది.

మర్నాడు మేము ఆట పూర్తి చేశాం. ఏటి ఒడ్డున బూటు అలాగే ఉంది. స్వాతి అన్ని చోట్లా వెతికింది. "కుఛ్ నహీ హై," అంది. ఏమీ లేదు. నాకు ఎడమ వైపు నీళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. భయంగానే ఉంది. మెడ పూర్తిగా కుడి వైపు తిప్పాను. తెర అంచున, అవతలి గట్టున, చెట్టు మొదట్లో పచ్చటి నాచులో కలిసిపోయి ఒక తాడు.

"ముడి సూడు," అన్నాను. "అవతల ముడి ఏసుంది. అవతల ముడి ఎయ్యాలంటే మనిషి అవతలికి ఎల్లాల కదా."

అక్క అవతల ఉంది. కాలు విరిగి, ఒక రాతి చాటున మంట వేసుకుని, బతికి ఉంది. స్వాతి నా భుజం మీద తల పెట్టుకుంది. తాడు కట్టిన మనిషి కాలు ఎలా విరిగిందో, బూటు ఎందుకు వదిలిందో కథలో చెప్పారు గాని నేను వినలేదు.

స్కాన్ రోజు మళ్ళీ అదే బల్ల, అదే ఎదురుచూపు. కుడి పక్కన సంతాలీ ముసలామె ఉందేమోనని మెడ తిప్పి చూశాను. లేదు. డాక్టరుగారు రెండు ఫిలిములూ పక్కపక్కన పెట్టారు. ఉంగరం శనగగింజంత అయింది. టీబీ గడ్డే అన్నారు. మందు ఇంకా చాలా నెలలు మానకూడదన్నారు. చదువు సంగతి అడిగితే, రాయడానికీ చదవడానికీ తలలో వేరువేరు గదులుంటాయి, మధ్య తలుపు పడిపోయింది, ఎంత తెరుచుకుంటుందో చెప్పలేనన్నారు.

ఆ తరువాత

ఆ తలుపుని మేము అరచేతి నుంచి తోస్తున్నాం. నా వాచకం చూసి స్వాతి ఒక్కో అక్షరం నా చేతిలో వేలితో గీస్తుంది. అది ఏ అక్షరమో దానికి తెలియదు, బొమ్మలా గీస్తుంది. కన్ను గుర్తుపట్టనిది చర్మం గుర్తుపడుతుంది. నేను "క" అంటాను. అది "క" అంటుంది. అలా ఇద్దరికీ వస్తోంది. తోకల దగ్గర తడబడుతుంది. నేను నవ్వను. ఇప్పుడు అచ్చు అక్షరాల మీద నా వేలే నేను తిప్పుకుంటూ పోతే, ఒకటొకటిగా మాట వస్తుంది. కుడి వైపు చూపు కొంత తెరుచుకుంది, పూర్తిగా కాదు. ఇంకో ఫిలిం ఉంది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

ఇలాంటి జబ్బు మనిషి మీ ఇంట్లో ఉంటే ఒకటే చెబుతాను. భయం వేస్తే నోటితో అడగండి. ఇద్దరూ అడగండి. వాళ్ళు నన్ను అడగలేదు, నేను వాళ్ళని అడగలేదు. ఆరు వారాలు ఒకే మంచం మీద కూర్చుని ముగ్గురం మూడు అడవుల్లో తిరిగాం.

మొన్న నవంబరులో ఒక మధ్యాహ్నం నోటు పుస్తకం తీసి, జూలై పేజీకి వచ్చాను. అక్కడ ఉన్నదేమిటో నాకు తెలుసు. కాని చదవడం వేరు. అక్షరం మీద వేలు పెట్టి తిప్పాను. ఇం, క. నా, కు. ఏ, టి. అక్కడ వేలు ఆగింది. దా, రి.

రాసిన రోజు గుర్తొచ్చింది. వంతెన, ఆగిపోయిన ఆటో, మట్టి నీళ్ళు. స్వాతికి నేను నవ్వుతూ చెప్పిన అర్థం నిజమే. మేము ఏటి అంటే ఏమిటి అనే. అయినా ఆ రోజు ఆ నీళ్ళని నేను అంతసేపు ఎందుకు చూశానో నాకే సరిగా తెలియదు.

స్వాతిని పిలిచాను. వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ రోజు వంతెన మీద నీళ్ళు సూసినానే," అన్నాను. "శానాసేపు సూసినాను. నీకు సెప్పనేదు."

అది తెలుగులో, ఒక్కో మాట వెతుక్కుంటూ అడిగింది. "అవతల... ఏటుంది?"

"సూడనేదు," అన్నాను. "నువ్వు కుడి పక్కన కూచున్నావు. నేను మెడ తిప్పనేదు."

ఇప్పుడు కూడా అది నా కుడి పక్కనే కూర్చుని ఉంది. మెడ తిప్పాను.